నికర ఆస్తి

ఒక వ్యక్తికి గానీ కుటుంబానికి గానీ ఉన్న ఆస్తులన్నిటి విలువలోంచి, తీర్చాల్సిన అప్పులన్నీ తీసేయగా మిగిలేది నికర ఆస్తి. ఇది ఫలానా తేదీ నాటి లెక్క, జీతంలా నెలనెలా వచ్చేది కాదు. నెలకు 2 లక్షలు సంపాదిస్తూ నికర ఆస్తి సున్నా కంటే దిగువన ఉన్నవాళ్లుంటారు. నాలుగెకరాలు కౌలుకిచ్చి ఆ డబ్బుతో బతుకుతూ కోటికి పైబడిన ఆస్తి ఉన్నవాళ్లూ ఉంటారు. 10 లక్షలు, 50 లక్షలు, కోటి అంటూ కొన్ని అంకెలను మైలురాళ్లుగా పెట్టుకొని వాటిని దాటుతూ పోవడం వ్యక్తిగత ఆర్థిక ప్రణాళికలో మామూలే. అయితే ఆ అంకెలో ఏం కలిపారు, ఏం తీసేశారు అన్నదాన్ని బట్టే దానికి అర్థం.

లెక్క కట్టే తీరు

గుంటూరులో ఉద్యోగాలు చేసుకొనే దంపతులను ఉదాహరణగా తీసుకుందాం. ఫ్లాటు 60 లక్షలు పలుకుతుంది. నగలు అమ్మితే 15 లక్షలు వస్తాయి. ప్రావిడెంట్ ఫండ్‌లో 9 లక్షలున్నాయి, కారుకు 4 లక్షలొస్తాయి. మొత్తం 88 లక్షలు. ఇక రెండో వైపు చూస్తే ఇంటి రుణం ఇంకా 38 లక్షలు, అమ్మాయి చదువుకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవి 5 లక్షలు, పాడుకున్న చీటీకి కట్టాల్సిన వాయిదాలు 3 లక్షలు. ఈ 46 లక్షలు పోతే నికర ఆస్తి 42 లక్షలు. ఎవరైనా అడిగితే మాత్రం వాళ్లు చెప్పేది అరవై లక్షల ఫ్లాటు గురించే.

ఇందులో అన్నిటికన్నా చిన్నగా కనిపించే అంకెలే ఎక్కువ కథ చెబుతాయి. నెలకు నూటికి రెండంటే సాలుకు 24 శాతం. ఆ 5 లక్షలకు ఏడాదికి 1.2 లక్షల వడ్డీ పోతుంది. ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్‌కు 2023–24లో ప్రకటించిన వడ్డీ 8.25 శాతం, ఆ లెక్కన 9 లక్షల మీద ఏడాదికి వచ్చేది 75 వేల లోపే. దాచినదాని మీద వచ్చేది తెచ్చినదానికి కట్టే వడ్డీకి చాలడం లేదు. ఈ ఇంట్లో కొత్త పొదుపు పథకం వెతకడం కంటే ముందు చేయాల్సిన పని ఆ అప్పు తీర్చడం.

చీటీది రెండు నాలుకల ధోరణి. పాడుకోనంత వరకు కట్టిన సొమ్ము ఆస్తి, పాడుకున్నాక మిగిలిన వాయిదాలు అప్పు. చీటీలను నియంత్రించే కేంద్ర చట్టం 1982లో వచ్చింది. నిర్వాహకుడి కమిషన్ పరిమితిని 2019 సవరణ 5 నుంచి 7 శాతానికి పెంచింది. రిజిస్టరు కాని చీటీలో ఉన్న డబ్బును ఆస్తి కింద రాసుకొనేటప్పుడు కాస్త తగ్గించి రాసుకోవడమే మేలు.

నగలకు కొన్నప్పటి బిల్లు పనికిరాదు. మజూరీ, తరుగు కింద కట్టింది అమ్మేటప్పుడు తిరిగి రాదు, రాళ్ల బరువూ తీసేస్తారు. భూమికి రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, ఊళ్లో చెప్పుకొనే ధర ఇంకొకటి. అడ్వాన్సు చేతిలో పడే ధర ఈ రెంటికీ భిన్నంగా ఉండవచ్చు; రాసుకోవాల్సింది ఈ మూడోదే. ఇక ఉంటున్న ఇంటిని లెక్కలో కలపాలా వద్దా అన్నది పాత తగాదా. అమెరికాలో ప్రైవేటు పెట్టుబడులకు అర్హత కోసం చూసే 10 లక్షల డాలర్ల నికర ఆస్తిలో సొంత నివాసాన్ని 2010 నుంచి కలపడం లేదు. మన ఇళ్లలో అలా తీసేస్తే చాలామందికి మిగిలేది కొంచెమే. రిజర్వు బ్యాంకు నియమించిన కుటుంబ ఆర్థిక కమిటీ 2017 నివేదిక ప్రకారం సగటు భారతీయ కుటుంబం సంపదలో 84 శాతం స్థిరాస్తి, ఇతర వస్తువుల రూపంలోనే ఉంది. బంగారం 11 శాతం. డిపాజిట్లు, షేర్లు, ఫండ్లు, పింఛన్లు అన్నీ కలిపినా 5 శాతమే.

అప్పుల పద్దు తెలుగు రాష్ట్రాల్లో మరీ బరువు. 2019 నాటి జాతీయ నమూనా సర్వేలో అప్పున్న వ్యవసాయ కుటుంబాలు ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ వీటివే.

మైలురాళ్ల మధ్య దూరం

మొదటి మైలురాయికి పట్టినంత కాలం తర్వాతి వాటికి పట్టదు. 1968లో మొదలైన పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ దీనికి తేలికైన ఉదాహరణ. ఏడాదికి గరిష్ఠంగా 1.5 లక్షలు కట్టవచ్చు. గడువు 15 ఏళ్లు, ఆపైన ఐదేసి ఏళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. వడ్డీ 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం. ఏ నెలలోనైనా 5వ తేదీ తర్వాత కట్టిన సొమ్ముకు ఆ నెల వడ్డీ రాదు. అందుకే తెలిసినవాళ్లు ఏటా ఏప్రిల్ 5 లోపే మొత్తం కట్టేస్తారు.

అలా కడుతూ, వడ్డీ రేటు మారదనుకుంటే, మొదటి 25 లక్షలు పోగవడానికి దాదాపు 11 ఏళ్లు. రెండో 25 లక్షలకు సుమారు ఆరేళ్లు. మూడోదానికి నాలుగేళ్ల పైచిలుకు, నాలుగోదానికి మూడేళ్ల పైచిలుకు. 25వ ఏడు ముగిసేసరికి ఖాతాలో 1.03 కోట్లు ఉంటాయి. జేబులోంచి కట్టింది 37.5 లక్షలే. ఏడాది వడ్డీ ఆ ఏడాది కట్టే సొమ్మును మించేది 11వ ఏట. పెళ్లికో స్థలానికో కొందరు డబ్బు తీసేసేది అంతకు ముందే.

ధరల సంగతి కూడా చూసుకోవాలి. ఏటా 6 శాతం చొప్పున ధరలు పెరిగితే, పాతికేళ్ల తర్వాతి కోటి రూపాయలతో కొనగలిగేది నేటి 23 లక్షలతో కొనగలిగినంతే. అందుకని కొందరు రూపాయల్లో కాకుండా ఏడాది ఖర్చుల్లో కొలుచుకుంటారు. ఏడాది ఖర్చుకు 25 రెట్లు కూడబెడితే ఉద్యోగం మానేయవచ్చన్న లెక్క 1994లో అమెరికా ఆర్థిక సలహాదారు విలియం బెంగెన్ చేసిన పరిశీలన నుంచి వచ్చింది. మొదటి ఏడు 4 శాతం తీసుకొని, తర్వాత ధరలను బట్టి పెంచుకుంటూ పోయినా డబ్బు 30 ఏళ్లు నిలుస్తుందన్నది దాని సారం. అది అమెరికా షేర్లు, బాండ్ల చరిత్ర మీద కట్టిన లెక్క. పిల్లల చదువు, తల్లిదండ్రుల వైద్యం ఒక్క జీతం మీదే పడే ఇళ్లకు దాన్ని ఉన్నదున్నట్టు వాడుకోవడం సాహసమే.

బహిరంగ లెక్కలు

సంపద పన్ను ఉన్నన్నాళ్లూ ప్రభుత్వం కూడా ఈ లెక్క అడిగేది. 1957లో వచ్చిన ఆ పన్ను 2015 బడ్జెట్‌తో రద్దయింది. అప్పటికి 30 లక్షలు మించిన నికర సంపద మీద 1 శాతం వసూలు చేసేవారు. ఇప్పుడు మామూలు పాఠకుడికి ఇతరుల ఆస్తి అప్పుల పట్టిక కనిపించేది ఎక్కువగా ఎన్నికల అఫిడవిట్లలోనే. 2002 నాటి సుప్రీంకోర్టు తీర్పు వీటికి దారి తీసింది. 2024లో గుంటూరు లోక్‌సభ అభ్యర్థి పెమ్మసాని చంద్రశేఖర్ ప్రకటించిన కుటుంబ ఆస్తులు 5,700 కోట్లు దాటాయి. పత్రికల పతాక శీర్షికల్లో ఆస్తుల అంకే కనబడుతుంది. అప్పుల గడి దాకా వెళ్లేవాళ్లు తక్కువ.

వారసులకు చేరడం

నామినీగా పేరున్నంత మాత్రాన సాధారణంగా ఆ సొమ్ముకు హక్కుదారు కారు. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో ఇదే చెప్పింది. హక్కు వీలునామాను బట్టి, లేదంటే వారసత్వ చట్టాన్ని బట్టి తేలుతుంది. పదేళ్లు ఎవరూ కదిలించని బ్యాంకు డిపాజిట్లు రిజర్వు బ్యాంకు దగ్గరున్న ప్రత్యేక నిధికి వెళ్లిపోతాయి, అయితే అసలు హక్కుదారులు ఆ తర్వాత కూడా తమ బ్యాంకు ద్వారా అడిగి తీసుకోవచ్చు. అలాంటి ఖాతాలను పేరుతో వెతికేందుకు 2023లో ‘ఉద్గమ్’ పోర్టల్‌ను తెచ్చారు. చేబదుళ్లకూ రిజిస్టరు కాని చీటీలకూ అలాంటి పోర్టల్ ఏదీ లేదు. వాటి వివరం ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉంటేనే వసూలవుతాయి.