పైపు లోపలి ఇసుక

ఈ పైపు కూడా నొక్కుకుపోయింది. వంపు బయటివైపు సాగి పలచబడింది, లోపలివైపు ముడతలు పడింది. ముళబాగిల్లో బెంగళూరు–తిరుపతి దారి పక్కన ఒక వెల్డింగు షెడ్డు. మేడమెట్లకు చేతిపట్టీ చేసిమ్మని ఆర్డరు. కుర్రవాడు పైపును మూలకు విసిరేశాడు.

"దాని మింద కోపమేంటికబ్బీ? వట్టి గొట్టాన్ని వంచితే లోపలికే కదా కుంగేది!" అన్నాడు గోడవార కూర్చున్న తాత.

తాత ఒకప్పుడు కోలారు బంగారు గనుల్లో పైపు ఫిట్టరు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడి పని పోయింది. ఈ గాథలో తాత ఒక్క మనిషి కాడని ఇక్కడే చెప్పేస్తాను. ఆ రోజు తర్వాత బయట పని వెతుక్కున్న ఫిట్టర్లందరి చేతివాటమూ ఇతనిలో ఉంది. పేరు పెట్టనిది అందుకే.

ఆ గనుల్లో ఒకటైన చాంపియన్ రీఫ్‌లో, మూడు కిలోమీటర్లు దాటిన లోతుల్లో రాయి తొలిచే డ్రిల్లుకు ఒత్తిడి గాలి పైపుల్లోంచే వెళ్లాల్సి వచ్చేది. వంపు దగ్గర పైపు చదునైతే గాలి జోరు అక్కడే తగ్గిపోతుంది. చేతిపట్టీకి ముడత పడితే చూపుకే లోటు, గనిలో పనికే లోటు.

"ఏటి ఇసక తేపో. మెత్తగా జల్లించు."

"గనుల దగ్గర సైనైడ్ దిబ్బలుండాయి గదా తాతా, తెల్లగా పిండి మాదిరి?"

"ఆ మన్ను నా కంటికే చూపించొద్దు. ఏటిదే తే. పెనం మింద బాగా వేపు. తడి మిగిలితే ఆవిరై బిరడాను తుపాకి గుండు మాదిరి తంతాది."

అసలు పనంతా ఇక్కడే ఉంది. నిప్పు దగ్గర పట్టేది కాసేపే. ఒక కొనకు కొయ్య బిరడా బిగించి, పైపును నిలబెట్టి, కొంచెం కొంచెంగా ఇసుక పోస్తూ సుత్తితో తట్టాలి. తట్టినకొద్దీ ఇసుక దిగుతుంది, మళ్లీ పోయాలి. ఖంగుమనే పైపు మొద్దుగా పలికేదాకా తాత ఆపనివ్వలేదు. రెండో బిరడా బిగించాకే సుద్దముక్క తీశాడు. అంగుళం పైపు బయటి కొలత 34 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. దానికి అయిదింతలు వ్యాసార్ధం, అంటే సుమారు 170. మూలమట్టం వంపుకు దాన్ని 1.57తో హెచ్చిస్తే 267. అంతమేరే ఎర్రగా కాలాలి.

"అతుకు గీత యాడుందో చూసుకో. బయటికీ వద్దు, లోపలికీ వద్దు, పక్కకు పెట్టు. బయటుంటే చీలుతాది."

పైపు ఎర్రగా కాలాక నిదానంగా లాగారు. ముందే వంగిన చోట తాత నీళ్లు చిలకరించాడు. అక్కడ ఇనుము బిగుసుకుని, వంపు తర్వాతి భాగానికి పాకింది. ఇత్తడి బాకాలు చేసేవాళ్లూ గొట్టంలో కీలు నింపో, సబ్బునీళ్లు గడ్డకట్టించో చుట్లు తిప్పుతారు. లోపల ఏదో ఒకటి అడ్డుండాలి, అంతే.

చల్లారాక బిరడాలు పీకి ఇసుకంతా దులిపించాడు. గనిలోనైతే ఒక్క రవ్వ మిగిలినా డ్రిల్లు లోపల గీరుకుపోయేది.

వంపు గుండ్రంగానే ఉంది. హుషారెక్కిన కుర్రవాడు పక్కనున్న జింకు పూత పైపును కొలిమిలోకి తోయబోయాడు. తాత చెయ్యి పట్టుకున్నాడు.

"దాన్ని కాల్చకు. ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తాది. దాన్ని మిషను మింద చల్లగానే వంచాల. పో, అడిగిరా, ఎంత తీసుకుంటారో."