చుండూరు: బాకీ ఎవరిది?

1991 ఆగస్టు 6న చుండూరులో అగ్రకులాల దాడిలో 8 మంది దళితులు హతమయ్యారు. కొన్ని శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. మాలపల్లెలో క్రైస్తవ కుటుంబాలున్నాయి. క్షమించమనే మతం కదా, కేసులెందుకని అడిగేవాళ్ళూ ఉన్నారు. (చంపినవాళ్ళ మతమేం చెప్పిందని మాత్రం ఎవరూ అడగరు!)

తెలుగు మత్తయి సువార్తలో ప్రభువు ప్రార్థన క్షమించమనేది 'ఋణస్థుల్ని'. అప్పుకింద తరాలతరబడి పాలేరుతనం చేసినవాళ్ళ నోట ఆ మాట తిరగబడుతుందని మేం అనుకుంటున్నాం. అసలు ఎవరు ఎవరికి బాకీ? బాకీయే లేదనేవాడికి మాఫీ చేసేదెట్లా?

చనిపోయినవాళ్ళని ఊరి నడుమ పాతిపెట్టి, ఆ చోటుని రక్తక్షేత్రం అన్నారు. కోర్టు చుండూరులోనే పెట్టాలని పట్టుబట్టి సాధించారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. బాధితులు సుప్రీంకోర్టుకి వెళ్ళారు.