ఖాళీపడిన కర్మాగారముల నేల

కర్మాగారము కట్టదలచినవారు మొదట వెదకునది ఊరి పొలిమేర. అచ్చట నేల చవుక. పొగయు రొదయు ఎవరికిని అడ్డురావు. రైలుదారియు నీటివసతియు దగ్గరనుండిన చాలును. నలువది ఏబది సంవత్సరములు గడచునప్పటికి స్థితి మారిపోవును. పనివారి ఇండ్లు, వారికి సరకులమ్ము అంగళ్లు, వారి బిడ్డలు చదువు బడులు చుట్టును చేరి, పొలిమేర కాస్తయు నడిబొడ్డగును. ఇంతలో యంత్రములు పాతబడును. కర్మాగారము మూతపడుటయో, పదిమంది చేయు పనిని ఒక్కడే చేయు రోజులు వచ్చి సగము ఖాళీపడుటయో జరుగును. అప్పుడు ప్రహరీగోడకు ఈవల గజము నేలకై జనులు పోటీపడుచుండగా, ఆవల తుప్పుపట్టిన షెడ్లును, కలుపుమొక్కలును, వందలకొలది సైకిళ్లు నిలిచిన స్టాండులును మిగులును. ఆ నేల నేమి చేయవలెను? దాని పెరిగిన విలువ ఎవరికి చెందవలెను? నేడు పారిశ్రామిక నగరములన్నిటి ముందున్న ప్రశ్న యిది.

రాయపురమునకును భిలాయికిని నడుమ, ఖారూను నదికి పడమటి వైపుననున్న కుమ్హారి ప్రాంతపు తెలుగువారికి ఈ ప్రశ్న పరాయిది కాదు. సోవియట్ యూనియనుతో 1955 ఫిబ్రవరి 2వ తేదీన కుదిరిన ఒడంబడిక మేరకు భిలాయి ఉక్కు కర్మాగారము వెలసినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. దాని కొరకు పలు పల్లెలు తమ పొలములను విడిచినవి. దేశము నలుమూలల నుండి వచ్చిన పనివారిలో తెలుగువారును ఎందరో కలరు. వారి బిడ్డలు, మనుమలు ఇచ్చటనే స్థిరపడిరి. నాడు వరిపొలముల నడుమ నుండిన ఉక్కునగరము నేడు దుర్గు మొదలు రాయపురము వరకు రహదారి పొడవున అల్లుకొనుచున్న జనావాసములలో నొక భాగమైనది. కుమ్హారియు ఆ వరుసలోనిదే.

ఉక్కు కర్మాగారము నేటికిని నడచుచునే యున్నది. కావున దాని కథ మూతపడిన మిల్లుల కథ కాదు. అయినను స్థిరోద్యోగుల సంఖ్య మునుపటికంటె మిక్కిలి తగ్గినది. ఇట్టి విశాల భూముల విషయమున ఇతర నగరములు ఏమి చేసినవో, అందులో తెలుగు కార్మికులకు ఏమి దక్కినదో ముందుగనే తెలిసికొనుట మేలు. ఇందుకు ఓరుగల్లు, బొంబాయి, హైదరాబాదు మంచి పాఠములు.

ఓరుగల్లున ఆజంజాహీ మిల్లు 1934లో స్థాపింపబడెను. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పెద్దకుమారుడైన ఆజంజా పేరు దానికి పెట్టబడినది. చుట్టుపట్ల పత్తి పండు నల్లరేగడి. చెంతనే కాజీపేట రైలు కూడలి. మగ్గము పని తరతరములుగా ఎరిగిన పద్మశాలీ కుటుంబములు. మిల్లునకు కావలసినవన్నియు అచ్చట నుండెను. సుమారు 200 ఎకరముల ఆవరణలో వెలసిన ఆ మిల్లు ఓరుగల్లునకు వందలాది సంసారముల జీవనాధారమై నిలిచెను. 1974లో దేశమునందలి నష్టజాతక మిల్లులను జాతీయము చేసినపుడు అది జాతీయ జౌళి సంస్థ చేతిలోనికి వచ్చెను. అయినను కొత్త యంత్రములు రాలేదు. పాత యంత్రములతో మరమగ్గములకు ఎదురునిలుచుట సాధ్యము కాలేదు. 2002లో కార్మికులకు స్వచ్ఛంద పదవీ విరమణ నిచ్చి మిల్లును మూసివేసిరి.

అప్పటికి ఆ నేల పట్టణమునకు నడుమ నున్నది. యంత్రములు తుక్కు క్రింద పోయినవి. కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ భూమిలో కొంతభాగమును తీసికొని, వీధులు వేసి, ఇండ్ల స్థలములుగా విభజించి విక్రయించెను. తరువాత జిల్లా కలెక్టరేటు భవనములకును ఈ ఆవరణముననే చోటు కేటాయింపబడినది. మిల్లులో బ్రతుకు గడపిన కార్మికులు తమకును ఇంటిస్థలము కావలెనని కోరిరి. కొందరికి దక్కెను, కొందరికి దక్కలేదు. వ్యాజ్యములు సంవత్సరముల తరబడి న్యాయస్థానములలో నడచినవి. నేల అమ్ముటకు పట్టిన కాలము కంటె, ఆ నేలపై పనిచేసినవానికి రెండువందల గజములు తేల్చుటకు పట్టిన కాలమే ఎక్కువ.

ఇంకొక విషయమును గమనింపదగినది. 2017 అక్టోబరు 22వ తేదీన ఓరుగల్లు సమీపమున గీసుకొండ, సంగెము మండలములలో కాకతీయ మెగా జౌళి పార్కునకు శంకుస్థాపన జరిగెను. దానికి వేయి ఎకరములకు పైగా భూమి కావలసివచ్చినది. రైతుల పొలములు పోయినవి. సూరతు, భీవండి, షోలాపురములకు వలసపోయిన ఓరుగల్లు నేతగాండ్రను తిరిగి రప్పించుట ఆ పార్కు ఉద్దేశములలో నొకటి. నడిబొడ్డున నేడు పెద్ద మిల్లు నడపుట తగదనుట నిజమే. కాని జౌళి కొరకు ఒకనాడు కూర్చిన నేలను ఇండ్ల స్థలములుగా విక్రయించిన పదునైదేండ్లకు, అదే జౌళి కొరకు వేరొక చోట రైతును పొలము విడువుమనవలసివచ్చుట ఆలోచింపదగిన లెక్క. మిల్లు మూసినవారును, పార్కు కట్టినవారును ఒకే పుస్తకములో ఈ రెండు పద్దులను వ్రాసికొనలేదు.

ఓరుగల్లు, కరీంనగరము, నల్లగొండ ప్రాంతముల నేతగాండ్రు నిజాము కాలము నుండియు బొంబాయికి పోవుచుండిరి. అంతకు ముందే రాళ్లపనికిని, ఇండ్లపనికిని పోయిన తెలుగు కామాఠీల పేర కామాఠీపుర యను పేటయే వెలసినది. బొంబాయిలో మొదటి నూలుమిల్లు 1854లో కవాస్జీ దావరు స్థాపించినది. క్రమముగా పరేలు, వర్లీ, లాల్‌బాగు ప్రాంతములు మిల్లుల ఊరుగా మారెను. నాడవి కోట ప్రాంతమునకు దూరముగా నున్న నేలలు. తరువాత నగరమే వానిని చుట్టివేసెను. 1982 జనవరి 18వ తేదీన దత్తా సామంతు నాయకత్వమున సుమారు రెండున్నర లక్షలమంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగిరి. ఆ సమ్మె లాంఛనముగ ఎన్నడును ముగియలేదందురు. మిల్లులు ఒకటొకటిగ మూతపడినవి. మిగిలినది 58 మిల్లుల క్రింద సుమారు 600 ఎకరముల నేల. దేశములోకెల్ల ప్రియమైన భూములలో అది యొకటి.

1991లో ప్రభుత్వము ఒక నియమము చేసెను. నగరాభివృద్ధి నియమావళిలో అది 58వది. దాని ప్రకారము మిల్లు భూమిని తిరిగి అభివృద్ధి చేసినచో ఇంచుమించు మూడింట నొకవంతు నగరమునకు తోటలు, ఆటస్థలముల కొరకును, ఇంకొక వంతు ప్రజాగృహనిర్మాణము కొరకును విడువవలెను. మిగిలిన వంతు యజమానిది. పంపకము సుబోధకముగనే యున్నది. 1996లో, సికిందరాబాదున జన్మించిన ప్రఖ్యాత వాస్తుశిల్పి చార్లెస్ కొరియా అధ్యక్షతన ఒక సంఘము ఏర్పడి, మిల్లు భూములను విడివిడిగా కాక ఒక్క నగరభాగముగా చూచి ప్రణాళిక వేయవలెనని సూచించినది. ఆ సూచన కాగితము మీదనే నిలిచిపోయినది.

2001లో నియమమునకు సవరణ వచ్చెను. ఇకమీదట పంపకము మొత్తము భూమికి కాక, కట్టడములు లేని ఖాళీ భాగమునకు మాత్రమే వర్తించును. మిల్లు ఆవరణలో షెడ్లు లేని నేల యెంత? అతి స్వల్పము. అందువలన నగరమునకును, ఇండ్లు లేనివారికిని రావలసిన వాటా మిక్కిలి తగ్గిపోయెను. ఈ వివాదమున 2005లో బొంబాయి హైకోర్టు సవరణను సంకుచితముగా అన్వయింపగా, 2006 మార్చి 7వ తేదీన సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చి సవరణను నిలిపినది. ఒక్క పదమునకు గల విలువ ఎంతయో కార్యాలయములలో దస్త్రములు నడపువారికి వేరుగ చెప్పనక్కరలేదు. ‘భూమి’ అనుచోట ‘ఖాళీ భూమి’ అనుటవలన ఒక మహానగరపు ముఖమే మారిపోయినది.

1905 నాటి ఫీనిక్సు మిల్లు విపణిసౌధమైనది. పాత పొగగొట్టము మాత్రము గురుతుగా నిలిచియున్నది. కార్మికులకు ఇండ్ల పంపకము 2012లో మొదలయ్యెను. మొదటి లాటరీలో సుమారు 7,000 ఇండ్లు వచ్చినవి; దరఖాస్తు చేసినవారు లక్షకు పైబడి యుండిరి. సమ్మెనాడు ముప్పది ఏండ్ల వాడు లాటరీ నాటికి అరువది ఏండ్ల వాడు. అనేకుల పేర వారి వారసులు దరఖాస్తు చేసిరి.

హైదరాబాదు విషయము ఇంకొక రీతిది. నిజాము ప్రభుత్వము 1929లో పారిశ్రామిక నిధిని నెలకొల్పి పరిశ్రమలను ప్రోత్సహించినది. ఆ కాలముననే ముషీరాబాదు దాపున ఆజమాబాదు పారిశ్రామికవాడ ఏర్పడెను. పొగాకు పరిశ్రమ మొదలు పలు కర్మాగారములు అచ్చట ప్రభుత్వ భూమిని కౌలునకు తీసికొని వెలసినవి. నేడు అది నగరపు నట్టనడుమ. కౌలు భూములను కొందరు పరిశ్రమకు కాక యితరములకు వాడుచున్నారని, 1992లో వాని కౌలుల రద్దు, క్రమబద్ధీకరణల కొరకు ప్రత్యేకముగా ఒక చట్టమే చేయవలసివచ్చెను. కౌలునకిచ్చిన నేల క్రమముగా సొంత నేలవలె తోచుట ఇచ్చటి చిక్కు.

2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వము బాహ్యవలయ రహదారికి లోపలనున్న పారిశ్రామికవాడలలో సుమారు 9,300 ఎకరములను ఇండ్లకు, కార్యాలయములకు, వ్యాపారములకు మార్చుకొనుటకు వీలు కల్పించు విధానమును ప్రకటించినది. పొగ, రసాయనములు వెదజల్లు కర్మాగారములు జనావాసముల నుండి తరలిపోవుట ఆరోగ్యమునకు మంచిదే. వివాదము రుసుము విషయమున వచ్చినది. పరిశ్రమ పేర చవుకగా పొందిన భూమి నేటి విలువలో ప్రజలకు తిరిగి చెల్లవలసిన భాగమెంత? రాజకీయ పక్షములు తీవ్రముగా వాదించుకొనినవి. ఆ వాదములో బాలానగరము, జీడిమెట్ల, నాచారముల షెడ్లలో పనిచేయువారు కర్మాగారముతో కూడ ఎక్కడికి పోవలెనను మాట తక్కువగ వినబడినది.

సముద్రము కావల కథయు ఒకటి కలదు. తెలుగు కుటుంబములు విస్తారముగ నున్న న్యూజెర్సీ రాష్ట్రమున హోల్మ్‌డెలు అను ఊర 1962లో బెల్ లేబరేటరీసు వారు ఎయిరో సారినెన్ రూపకల్పన చేసిన అద్దాల భవనమును నిర్మించిరి. 472 ఎకరముల ఆవరణ. ఉద్యోగుల వేలాది కారులు నిలుచుటకు చుట్టును విశాలమైన పార్కింగు స్థలములు. 2006లో కంపెనీ ఆ స్థలమును వదలుకొన నిశ్చయింపగా, భవనమును కూలద్రోయుదురేమో యని విజ్ఞానవేత్తలును, వాస్తుశిల్పులును ఆందోళన చేసిరి. 2013లో కొత్త యజమాని దానిని కొని, కూల్చక, పెక్కు చిన్న సంస్థల కార్యాలయములకును, అంగళ్లకును, ఫలహారశాలలకును అద్దెకిచ్చెను; అంచుల నేలలో కొంత ఇండ్లకు పోయినది. 2017లో ఊరి గ్రంథాలయము కూడ ఆ భవనములోనికే వచ్చినది. ఒకనాడు గుర్తింపుకార్డు లేనిదే అడుగుపెట్టరాని చోట నేడు పిల్లలు కథల పుస్తకములు చదువుచున్నారు. ఆ 2017లోనే అమెరికాలోని బఫెలో నగరము, ప్రతి కట్టడమునకు ఇంత పార్కింగు స్థలము విధిగా నుండవలెనను పాత నియమమును తొలగించినది. కారులకై విడిచిన నేల మనుష్యులకు కావలసివచ్చినదని అర్థము.

ఈ నాలుగు చోట్ల అనుభవమును కలిపి చూచిన ఒక విషయము తేటపడును. ఖాళీపడిన కర్మాగారపు నేల పై ముగ్గురి బాకీ కలదు. పొలము విడిచిన రైతు మొదటివాడు; అచ్చట చెమటోడ్చిన కార్మికుడు రెండవవాడు; ఇన్నేండ్లు రోడ్లు, నీళ్లు, దీపములు సమకూర్చిన ఊరు మూడవది. నేల విలువ పెరుగుటకు ఈ ముగ్గురును కారకులే. అమ్మకము ముందుగను, బాకీ తీర్చుట తరువాతను జరిగినచోట్ల బాకీ తీరలేదు. ఓరుగల్లు వ్యాజ్యములు, బొంబాయి లాటరీలు ఇందుకు సాక్ష్యము. వాటా మొత్తమునకు కాక మిగులునకు మాత్రమే కట్టినచోట మిగులే లేకపోయినది. కావున బాకీలను ముందుగ వ్రాసి, తీర్చు మార్గమును చూపి, తరువాతనే నేలను కొత్త పనికి విడుచుట న్యాయము.

2013 నాటి భూసేకరణ చట్టమున 101వ నిబంధన యొకటి కలదు. ఆ చట్టము క్రింద సేకరించిన భూమి ఐదు సంవత్సరములు వాడుకలోనికి రానిచో, అది మొదటి యజమానికి గాని, అతని వారసులకు గాని, ప్రభుత్వ భూనిధికి గాని తిరిగి చేరవలెను. 1950 ప్రాంతములందు పొలములిచ్చిన భిలాయి చుట్టుపట్టు పల్లెలకు ఈ నిబంధన వర్తింపదు. కాని అందులోని నీతి వర్తించును. నేలను ఒక పని కొరకు అడిగినవాడు, ఆ పని తీరిన పిదప దానిని గూర్చి అడిగినవారికి సమాధానము చెప్పవలెను.

కుమ్హారి మొదలు దుర్గు వరకు ఊళ్లు కలిసిపోవు కాలమున ఈ మాట పాత చరిత్రగా మిగిలిపోదు. ఉక్కునగరమున నేడో రేపో ఏదేని యొక ఆవరణకు కొత్త పటము గీయబడినపుడు, అందులో మొదటి గీత పల్లెకును, రెండవది పనివానికిని, మూడవది బడికిని, తోటకును పడినదా యని అడుగుట ఇచ్చట మూడు తరములుగా నివసించుచున్న తెలుగువారికి గల హక్కు. ఆ ప్రశ్నను పటము గీయకముందే అడుగవలెను. గీసిన పిదప అడిగినవారికి ఎన్నేండ్లు పట్టినదో ఓరుగల్లు చెప్పుచునే యున్నది.