గడ్డి కప్పు నుంచి శ్లాబు దాకా: మన ఇంటి కప్పు చెప్పే చరిత్ర

జల్, జంగల్, జమీన్ కోసం మన పెద్దలు చేసిన పోరాటాలు మనకు తెలుసు. కుమ్రం భీంను, అల్లూరి దళంలో నడిచిన గంటం దొర, మల్లు దొర సోదరులను ఏటా తలచుకుంటాం. అడవి మన చేతిలో ఎంత ఉంది, ఎంత పోయింది అనే లెక్క మన ఇంటి కప్పులో కూడా ఉంది. దాన్ని మనం అంతగా గమనించం.

పాత ఇళ్లకు కప్పును అడవే ఇచ్చింది. నల్లమల చెంచుల గుండ్రటి గుడిసెకు పైన కొస తేలిన గడ్డి కప్పు ఉండేది. మన్యంలో వెదురు వాసాల మీద గడ్డి పరచి అడ్డతీగ నారతో కట్టేవారు. అందులో ఎంతో తెలివి ఉంది. గడ్డిని బాగా ముదిరి ఎండాకే కోయాలి. పచ్చిది వేస్తే త్వరగా కుళ్లిపోతుంది. నీరు నిలవకుండా కప్పును బాగా వాలుగా పెట్టాలి. చూరు కిందికి దింపితే మట్టిగోడ తడవదు. పొయ్యి పొగ గడ్డికి పురుగు పట్టకుండా కాస్తుంది. ఇల్లు కప్పే రోజు చుట్టుపక్కల వాళ్లంతా వచ్చి చేయి వేసేవారు. ఇంటివాళ్లు వాళ్లకు అన్నం పెట్టి, రేపు వాళ్ల ఇంటికి తామూ వెళ్లేవారు.

అందులో కష్టమూ ఉంది. కొన్నేళ్లకోసారి గడ్డి మార్చక తప్పదు. ఒక ఇంటికి నిప్పంటుకుంటే పక్క ఇళ్లూ దక్కవు. కొండ మీంచి మోపులు మోసి మన అమ్మమ్మల మెడలు అరిగాయి. కాబట్టి గడ్డి ఇల్లు వదిలిన వాళ్లను మనం తప్పు పట్టలేం.

అయితే దాన్ని మనవాళ్లు పూర్తిగా తమ ఇష్టంతోనే వదల్లేదు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక మన్యం అడవులు రిజర్వుల కిందికి వెళ్లాయి. పోడుకు, మేతకు, కలపకు ఆంక్షలు వచ్చాయి. 1922లో మొదలైన మన్యం పోరాటానికి ఆ ఆంక్షలు ఒక ముఖ్య కారణం. 1927 నాటి భారత అటవీ చట్టమైతే అటవీ ఉత్పత్తుల నిర్వచనంలో గడ్డిని, తీగలను కూడా చేర్చింది. అంటే కప్పుకు కావలసిన ప్రతి వస్తువూ ఇంకొకరి అనుమతి కిందికి వెళ్లిందన్నమాట.

తర్వాత పెంకు వచ్చింది. కుమ్మరి చేసే గూన పెంకు పాతదే. యంత్రంతో చేసే పెంకును మాత్రం 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్లు మొదలుపెట్టారు. పెంకుల బరువు మోయడానికి గట్టి దూలాలు కావాలి, వాటికి మళ్లీ అడవి కలపే కావాలి. 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజన, 2016లో దాని స్థానంలో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్‌తో కాగితాల మీద 'కచ్చా', 'పక్కా' అనే మాటలు స్థిరపడ్డాయి. గడ్డి కప్పు కచ్చా కాబట్టి అది పేదరికానికి గుర్తయింది. పథకం కావాలంటే ఆ గుర్తే చూపించాలి. మన తాతల నేర్పు ఆ కాగితంలో ఒక లోటుగా నమోదైంది.

ఇప్పుడు మన ఊళ్లలో రేకులు, శ్లాబులు ఎక్కువ. ఇనుప రేకు చవక, తేలిక. కానీ వేసవిలో కింద ఉండలేం. వాన పడితే పక్కవాళ్ల మాట వినపడదు. సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. రేకును కోసినా, చిల్లు వేసినా, పగలగొట్టినా లేచే ధూళి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అన్ని రకాల ఆస్‌బెస్టాస్ క్యాన్సర్‌కు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శ్లాబు గట్టిది, నిప్పుకు భయం లేదు. పగలంతా తాగిన ఎండను రాత్రికి లోపలికి వదులుతుంది.

హాస్టల్ పిల్లలను సెలవులకు పంపేటప్పుడు మేము ఒక పని అప్పగిస్తుంటాం. మీ ఇంటి కప్పు మీద మొదట ఏముండేదో అడిగి రాసుకు రమ్మంటాం. చాలామంది 'గడ్డి' అని రాస్తారు. ఏ గడ్డి, ఏ నెలలో కోస్తారు, ఏ ముడి వేస్తారు అంటే జవాబు ఉండదు. అవి తెలిసిన వాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఎంతకాలం ఉంటారు?

రేపు ఇల్లు కట్టించేది మీరే. ఆవాస్ యోజన ఇంటిని కాంట్రాక్టరుకు అప్పగించకూడదు, లబ్ధిదారే కట్టుకోవాలి అని నిబంధనలే చెబుతున్నాయి. కనుక ఎవరో గీసిన బొమ్మకు తల ఊపకండి. పడక గదికి శ్లాబు వేసినా, వసారాకు పెంకు వేసుకోవచ్చు. పొయ్యికి దూరంగా, పశువుల పాకకు గడ్డి కప్పు పెట్టుకోవచ్చు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురు సహా చిన్నతరహా అటవీ ఫలసాయం మీద మనకు హక్కు ఇచ్చింది. గ్రామసభలో ఆ హక్కు అడగండి. అడిగే ముందు ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ఆ గడ్డి పేరు మన భాషలో రాసి పెట్టుకోండి.