ఆరిపోయే చుక్కల మీద నిలిచిన లెక్క

1948 జూన్ 21. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఒక గది. ఇనుప చట్రాలు, వాటికి బిగించిన వందల వాల్వులు, మధ్యలో ఆకుపచ్చగా మినుకుమనే చిన్న తెర. ఆ యంత్రానికి ఇచ్చిన లెక్క హైస్కూలు పిల్లలు చేసేదే: 2,62,144ను శేషం లేకుండా భాగించే సంఖ్యల్లో, ఆ సంఖ్యను వదిలేస్తే, అన్నిటికంటే పెద్దది ఏది? సగం అని మనం ఇట్టే చెప్పేస్తాం. యంత్రానికి భాగహారం రాదు, కూడిక కూడా రాదు. తీసివేత ఒక్కటే వచ్చు. 2,62,143 నుంచి ఒక్కో మెట్టూ దిగుతూ, ప్రతి సంఖ్యనూ తీసివేతలతోనే భాగించి చూస్తూ, సుమారు 52 నిమిషాలకు 1,31,072 దగ్గర ఆగింది.

జవాబు అందరికీ ముందే తెలుసు. తెలియనిదల్లా అంతసేపు యంత్రం జ్ఞాపకం చెదరకుండా ఉంటుందా అన్నదే. కంప్యూటర్ కథ ఎవరు చెప్పినా లెక్కల వేగం గురించే చెబుతారు. నాకు మాత్రం అది జ్ఞాపకం కోసం పడిన పాట్ల కథగానే కనిపిస్తుంది.

అంతకు రెండేళ్ల ముందు అమెరికాలో లోకానికి చూపించిన ఎనియాక్‌లో దాదాపు 18,000 వాల్వులు ఉండేవి. లెక్కలో దిట్ట. కానీ కొత్త లెక్క ఇవ్వాలంటే మనుషులు తీగలు పీకి మళ్లీ గుచ్చాలి, స్విచ్‌లు తిప్పాలి. ఏం చేయాలో చెప్పే ఆదేశాలను కూడా అంకెలతో పాటు మెమరీలోనే దాచాలన్న ఆలోచన 1945లోనే జాన్ వాన్ న్యూమన్ నివేదికలో కాగితం మీదికి వచ్చింది. కానీ దాచడానికి తగిన చోటే లేదు.

ఆ చోటును ఫ్రెడ్ విలియమ్స్ రాడార్ తెరలో వెతికాడు. యుద్ధకాలమంతా రాడార్ పరిశోధనలో గడిపిన మనిషి. టీవీ గొట్టం లాంటి గాజు గొట్టంలో ఎలక్ట్రాన్ పుంజం తగిలిన చోట కాస్త విద్యుదావేశం మిగులుతుంది. అదే ఒక బిట్. చిక్కేమిటంటే, సెకనులో చిన్న భాగం గడిచేసరికి అది కారిపోతుంది. మండు వేసవిలో నాపరాయి మీద తడివేలితో అక్షరం రాసినట్టు. ఆరేలోపే దాని మీదే మళ్లీ దిద్దాలి. విలియమ్స్, టామ్ కిల్‌బర్న్ చేసింది అదే: చదవడం, చదివినదాన్ని అక్కడే తిరిగి రాయడం, ఆగకుండా. అలా నిలబెట్టిన మెమరీ ప్రాసెసర్ వేగంతో చదివినా రాసినా తట్టుకుంటుందో లేదో పరీక్షించడానికే, జెఫ్ టూటిల్‌తో కలిసి మాంచెస్టర్‌లోని ఆ యంత్రాన్ని కట్టారు. దానికి ‘బేబీ’ అన్న పేరు నిలిచిపోయింది. మెమరీని పరీక్షించడానికి పుట్టిన పనిముట్టు, మెమరీలో దాచిన ప్రోగ్రామును నడిపిన తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటర్ అయింది!

ఇంకో సంగతి నన్ను మరీ ఆకట్టుకుంటుంది. 32 బిట్ల ‘మాటలు’ (ఒక్కోటీ ఒక అంకె లేదా ఒక ఆదేశం) 32 దాచే ప్రధాన మెమరీ ఒక గొట్టం. లెక్క ఫలితం నిలిచేది ఇంకో గొట్టంలో, అప్పుడు నడుస్తున్న ఆదేశం మరో గొట్టంలో. ప్రాసెసర్ చేతిలో పట్టుకున్నదీ, మెమరీలో దాచుకున్నదీ ఒకే రకం గాజులో ఒకే వేగంతో ఉన్నాయి. వాటి మధ్య ఎడం ఇంకా పుట్టలేదు.

కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ 1949 మే నెలలో నడిపించిన ఎడ్‌శాక్ కంప్యూటర్ దారి వేరు. పాదరసం నింపిన గొట్టాల్లో బిట్లు ధ్వని అలలుగా పరుగెత్తేవి. కావలసిన అంకె రంగులరాట్నంలో ఎక్కిన పిల్లాడిలా తిరిగి తన ముందుకు వచ్చేదాకా ప్రాసెసర్ కాచుకోవాల్సిందే.

1950లలో ఫెర్రైట్ కోర్ మెమరీ వచ్చింది. తీగలకు గుచ్చిన చిన్న అయస్కాంత ఉంగరాలు. కరెంటు పోయినా మరచిపోవు. ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో ఆర్. నరసింహన్ బృందం 1960 నాటికి సిద్ధం చేసిన టిఫ్రాక్ కంప్యూటర్‌లో ఉన్నదీ కోర్ మెమరీయే. 1960ల చివర హైదరాబాద్ ఈసీఐఎల్ నుంచి టీడీసీ-12 కంప్యూటర్ బయటికొచ్చింది. ఇవాళ చాలామందికి ఈసీఐఎల్ అంటే బస్సు ఆగే చోటు. కంప్యూటర్లు తయారైన చోటుగా కూడా గుర్తుంటే బాగుండును.

ఈలోగా ట్రాన్సిస్టర్లతో ప్రాసెసర్ పరుగందుకుంది. మెమరీ వెనకబడింది. దానికి విరుగుడును 1965లో రెండు పేజీల వ్యాసంలో సూచించినవాడు, పాదరసం దగ్గర కాచుకున్న ఆ విల్క్సే. ప్రాసెసర్ పక్కనే చిన్నదైనా వేగమైన మెమరీ ఒకటి పెట్టి, ఇప్పుడే వాడినవాటిని అందులో ఉంచమన్నాడు. పొయ్యి పక్కన పోపులపెట్టె లాంటిదన్నమాట. ఆవాలకీ జీలకర్రకీ ప్రతిసారీ కొట్టుగదికి వెళ్లం. పెట్టెలో అయిపోయినప్పుడే వెళ్తాం. ఇప్పుడే వాడినది కాసేపట్లో మళ్లీ కావలసి వస్తుందన్న నమ్మకమే దీనికి ఆధారం. 1968లో ఐబీఎం తన 360/85 యంత్రంలో దీన్ని పెట్టింది. మనం క్యాష్ అంటున్నది దీన్నే.

అదే ఏడాది రాబర్ట్ డెన్నార్డ్‌కు డీరామ్ అనే మెమరీ మీద పేటెంటు వచ్చింది. అతని అమరికలో ఒక్కో బిట్‌కు ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్. 1970లో ఇంటెల్ అమ్మకానికి తెచ్చిన 1103 డీరామ్ చిప్‌లో పట్టినవి 1,024 బిట్లు, సరిగ్గా బేబీ ప్రధాన మెమరీ అంత. కెపాసిటర్‌లోని ఆవేశమూ కారిపోయేదే. మన ఫోన్‌లో కోట్లకొద్దీ గదులను సెకనుకు పదిసార్లకు పైగా చదివి, తిరిగి నింపుతూనే ఉండాలి. సరిగ్గా ఆ క్షణాన అక్కడినుంచే ఏదైనా కావలసి వస్తే, ప్రాసెసర్ ఆగుతుంది.