పటం గీసే ముందు వాడకట్టును అడగాలి

ఆర్మూర్ రెండు రోడ్ల మీద పెరిగిన ఊరు. ఒకటి నాగపూర్ నుంచి హైదరాబాద్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి, పాతవాళ్లకు ఇంకా ‘సెవెన్’ హైవేనే. రెండోది నిజామాబాద్ నుంచి జగిత్యాల మీదుగా జగ్దల్‌పూర్ దాకా పోయే 63వ నంబరు. నవనాథపురం అని పెద్దలు చెప్పే పాత ఊరు సిద్ధుల గుట్టను ఆనుకుని ఉండేది. తర్వాత ఊరు గుట్టను విడిచి రోడ్ల వైపు జరిగింది. పొలాల మధ్య వేరే ఊళ్లుగా ఉన్న పెర్కిట్, మామిడిపల్లి ఇప్పుడు మున్సిపాలిటీలో ఉన్నాయి. దుబాయ్, మస్కట్ నుంచి వచ్చిన పైసలతో స్లాబు ఇళ్లు లేచాయి. ప్లాట్లు పడ్డాయి, చేతులు మారాయి. ఇంత పెరిగిన ఊరు ఎటు పెరగాలో, ఎక్కడ ఆగాలో అందరం ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నది మాత్రం లేదు.

మాట్లాడుకోవడం చేతకాక కాదు. మన చుట్టుపక్కల గ్రామాభివృద్ధి కమిటీ లేని ఊరు అరుదు. కులానికొకరు చొప్పున పెద్దమనుషులు కూర్చుంటారు, ఊరి ఆదాయానికి వేలం పాడిస్తారు, వచ్చిన సొమ్ముతో గుడికో బడికో ఖర్చు పెడతారు. అంకాపూర్ విత్తనాల వ్యాపారంతో రాష్ట్రమంతా పేరు తెచ్చుకుందంటే అందులో రైతు తెలివితో పాటు ఊరి కట్టుబాటు పాలూ ఉంది. 2008 జూన్‌లో ఎర్రజొన్న బకాయిల కోసం రైతులు ఆర్మూర్‌లో రోడ్డెక్కితే సంగతి పోలీసు కాల్పుల దాకా పోయింది. 2019 ఫిబ్రవరిలో పసుపు, ఎర్రజొన్న ధరల కోసం మళ్లీ హైవే మీద కూర్చున్నారు. ఆ తర్వాత రెండు నెలలకు వచ్చిన పార్లమెంటు ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది పోటీ చేస్తే వారిలో 178 మంది రైతులే. ఇంత కూడగట్టుకోగల మనుషులకు తమ వీధి ఎట్లా ఉండాలో చెప్పడం రాదంటే నమ్మలేం.

అయితే ఈ కమిటీలను ఉన్నవి ఉన్నట్టు నెత్తిన పెట్టుకోలేం. మాట వినలేదని దళిత కుటుంబాలను, చిన్న కులాలవారిని వెలివేసిన కేసులు ఈ జిల్లా పోలీస్ స్టేషన్లలో నమోదయ్యాయి. కమిటీల్లో ఆడవాళ్లు దాదాపు ఉండరు. కిరాయి ఇంట్లో ఉండేవాడికి కుర్చీ లేదు. ఇళ్ల సంగతి మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఈ లోటు చిన్నది కాదు. ఇంట్లో ఎక్కువసేపు ఉండేది, ఇంట్లోనే పనిచేసేది ఆడవాళ్లు కాబట్టి.

మన ఇళ్లను ఒకసారి దగ్గరగా చూడండి. బీడీలు చేసే అమ్మ పొద్దున్నే గడప ముందు కూర్చుంటుంది. రాత్రి నానబెట్టి తడి గుడ్డలో చుట్టిన తునికాకును రేకు కొలత పెట్టి కత్తెరతో కోస్తుంది. ఒళ్లో చాట పెట్టుకుని తంబాకు పోసి చుట్టి, కొస మడిచి దారం కడుతుంది. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది కాబట్టి వెలుతురు తగ్గితే చెయ్యి నెమ్మదిస్తుంది, ఆ రోజు కూలి తగ్గుతుంది. గది లోపల కూర్చుంటే తంబాకు ఘాటు పిల్లల ముక్కుల్లోకి పోతుంది. ఆమెకు కావలసింది గాలీ వెలుతురూ పడే వసారా. గీసిన పటంలో అది లేకపోతే మెట్ల మీద కూర్చుంటుంది.

పసుపుదీ అంతే. తొమ్మిది నెలల పంటను తవ్వి, కొమ్మును మండను వేరుచేసి, ఉడకబెట్టి, రోజుల తరబడి ఎండలో ఆరబోయాలి. మధ్యలో ఒక్క వాన పడితే రంగు పోతుంది, ధర పోతుంది. కళ్లానికి కావలసింది చదునైన ఖాళీ జాగా. ఊరి అంచున ఉన్న అలాంటి జాగాలే ముందుగా ప్లాట్లు అవుతున్నాయి. రోడ్డు వారన ఆరబోసిన పసుపు చూసి దారిన పోయేవాళ్లు ఫోటోలు తీసుకుంటారు గానీ, అక్కడ ఆరబోసింది ఇంకెక్కడా చోటు లేకనే.

గత ప్రభుత్వం డబుల్ బెడ్‌రూం ఇళ్లను 560 చదరపు అడుగుల ఒకే కొలతతో కట్టించింది. పేదవాడికి రెండు పడకగదులు ఉండాలన్న ఆలోచన గొప్పది, అందులో మాటే లేదు. కానీ అంతస్తుల మీద అంతస్తులు వేసి కట్టిన చోట మేకను ఎక్కడ కట్టేయాలి, కట్టెలు ఎక్కడ పెట్టాలి, బీడీల చాట పట్టుకుని ఎక్కడ కూర్చోవాలి అని ఉండబోయేవాళ్లను అడిగిన దాఖలా లేదు. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం ఈ విషయంలో మేలు. సొంత జాగాలో, కనీసం 400 చదరపు అడుగుల్లో, ఎవరి ఇల్లు వాళ్లే కట్టుకోవాలి. 5 లక్షలు నాలుగు విడతల్లో వస్తాయి. వసారా ఎటు పెట్టుకోవాలో ఇంటి ఇల్లాలే చెప్పగలదు. కాకపోతే జాగా లేనివాళ్లు వేరుగా రాసిన రెండో జాబితాలో ఉండిపోయారు. మన ఊళ్లో కిరాయికి ఉండి బీడీలు చుట్టేవాళ్లు, మార్కెట్లో హమాలీ చేసేవాళ్లు చాలామంది ఆ జాబితాలోని మనుషులే.

జనాన్ని అడగకపోతే ఏమవుతుందో చూడటానికి దూరం పోనక్కరలేదు. మన రెండు రోడ్ల మీదే ఉంది సాక్ష్యం. 44వ నంబరు మీద కామారెడ్డిలో మాస్టర్ ప్లాన్ ముసాయిదా పంట పొలాలను పారిశ్రామిక జోన్‌లో చూపింది. 2023 జనవరి మొదటి వారంలో అడ్లూర్ ఎల్లారెడ్డిలో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. రైతులు కలెక్టరేట్‌ను ముట్టడించారు, ఊరు బంద్ అయింది. జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. 63వ నంబరు మీద జగిత్యాలలోనూ అదే నెలలో మాస్టర్ ప్లాన్ మీద జనం తిరగబడితే వెనక్కి తగ్గారు. ముసాయిదా వెలువడ్డాక అభ్యంతరాలు చెప్పుకోవచ్చని చట్టంలో ఉంది. కానీ గీత గీసేశాక అడిగితే జనానికి మిగిలేది కాదనడం ఒక్కటే.

ముందే అడిగిన అనుభవమూ మన రాష్ట్రంలో ఉంది. హైదరాబాద్‌లో 1967లో మొదలైన పట్టణ సమాజాభివృద్ధి కార్యక్రమం మనుషులు బస్తీల్లో తిరిగి, బస్తీ సంఘాలను నిలబెట్టి, వాళ్లతో మాట్లాడి పనులు చేయించారు. పట్టాలు ఇప్పించి, బ్యాంకు అప్పులు ఇప్పించి, ఉన్నచోటే ఇళ్లు కట్టుకునే దారి చూపారు. యూనిసెఫ్ తోడొచ్చింది, తర్వాత బ్రిటన్ సాయం వచ్చింది.

చట్టం కూడా అడ్డం లేదు. 74వ రాజ్యాంగ సవరణ వార్డు కమిటీలను మూడు లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న పట్టణాలకే తప్పనిసరి చేసింది, మనం ఆ లెక్కలోకి రాం. కానీ 2019 తెలంగాణ మున్సిపల్ చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు పెట్టమంది. యువకులకు ఒకటి, మహిళలకు ఒకటి, వయసు మళ్లినవారికి ఒకటి, ఊరి ప్రముఖులకు ఒకటి, ఒక్కో దానిలో 15 మంది. ఇవి నిజంగా కూర్చుంటే ఒక్క వార్డులోనే 60 మంది అవుతారు.

ఇకమీదట ఆర్మూర్‌కు ఏ ప్లాన్ గీసినా ముసాయిదాకు ముందే ఈ నాలుగు కమిటీల దగ్గరకు రావాలి. సర్వే నంబర్లు తెలుగులో రాసి, వార్డులో అందరూ చూసే గోడకు పటం అంటించాలి. సభ పొద్దున పదింటికి పెడితే బీడీలు చేసేవాళ్లు, హమాలీలు రాలేరు, సాయంత్రం పెట్టాలి. అందులో మొదట తేల్చాల్సినవి రెండే: జాగా లేనివాళ్లకు ఊరికి ఎంత దగ్గరలో స్థలం ఇస్తారు, పసుపు ఆరబోసుకునే కళ్లాలకు ఏ సర్వే నంబర్లు వదిలేస్తారు.