తరంగంబాడి తీర బంగళా: పునరుద్ధరణకు ఎంపికైన గతం

తమిళనాడు తీరంలో డేనులు ట్రాంకెబార్ అని పిలుచుకున్న తరంగంబాడిలో, డాన్స్‌బోర్గ్ కోటకు సమీపాన, సముద్రానికి అభిముఖంగా ఒక రెండంతస్తుల బంగళా ఉంది. ఒకప్పుడు అది బ్రిటిష్ కలెక్టరు నివాసం. శిథిలమైన ఆ భవనాన్ని నీమ్రానా సంస్థ పునరుద్ధరించి ఎనిమిది గదుల హోటలుగా తీర్చిదిద్దింది. గదులకు పెట్టిన పేర్లు మాత్రం డేనిష్ నౌకలవి. ఆంగ్ల అధికారి ఇంటికి డేనిష్ ఓడల పేర్లు ఎందుకు వచ్చాయన్న ప్రశ్న పైకి చిన్నదే. చారిత్రక భవనాల పునరుద్ధరణలో ఏ గతం నిలుస్తుంది, ఏది జారిపోతుంది అన్న విషయం దానితోనే ముడిపడి ఉంది.

ఈ రేవుకు డేనులు తమంతట తామే యజమానులు కాలేదు. పోర్చుగీసుల దాడిలో ఓడను కోల్పోయిన రోలండ్ క్రాపె తంజావూరు ఆస్థానంలో ఆశ్రయం పొందాడు. తరువాత నౌకాదళంతో వచ్చిన ఓవె గెడ్డె 1620 నవంబరులో రఘునాథ నాయకునితో ఒప్పందం కుదుర్చుకున్నాడు. కోట వెలసింది ఆ అనుమతితోనే. చేమకూర వేంకటకవిని పోషించి, స్వయంగా తెలుగు కావ్యాలు రచించిన ఆ రాజు డెన్మార్క్ ప్రభువు నాలుగవ క్రిస్టియనుకు బంగారు రేకుపై పంపిన లేఖ తమిళంలో ఉంది; అది నేటికీ కోపెన్‌హేగన్‌లో భద్రంగా ఉంది. తెలుగు ఆస్థానం రాజ్యవ్యవహారాన్ని స్థానిక ప్రజల భాషలో నడిపిందనడానికి ఇంతకంటె స్పష్టమైన ఆధారం అరుదు.

1845లో డెన్మార్క్ తన భారతీయ స్థావరాలను ఈస్టిండియా కంపెనీకి పన్నెండున్నర లక్షల రూపాయలకు అమ్మివేసింది. ఆపై సుమారు పదిహేనేళ్లు తంజావూరు జిల్లా కలెక్టరు ఇక్కడినుండే పాలించాడు. తరువాత కేంద్రం తంజావూరుకు మారింది. 1861లో రైలు నాగపట్టణానికి చేరడంతో ఈ రేవు వ్యాపారం క్షీణించింది. విచిత్రమేమిటంటే, వీధుల పాత అమరిక చెక్కుచెదరకపోవడానికి ఈ క్షీణతే కారణం. ఊరు సంపన్నమై ఉంటే ఈ బంగళా ఏనాడో కూలి, దాని స్థానంలో మరో కట్టడం లేచి ఉండేది.

ఉప్పుగాలి తగిలే ఇటువంటి గోడలకు సిమెంటు పూస్తే తేమ లోపలే నిలిచి ఇటుక పొడిబారి రాలుతుంది. అందువల్ల పరిరక్షకులు గానుగ సున్నాన్నే కోరుకుంటారు. పదార్థం ఎంపికలో ఉండే ఈ సూక్ష్మత పేర్ల ఎంపికలో లోపించింది. విదేశీ అతిథికి ఆకర్షణీయమైన డేనిష్ పొర ముందుకు వచ్చింది. నాయకరాజుల పొర కాని, సముద్రపు కోతకు గురైన పద్నాలుగవ శతాబ్దపు మాసిలామణినాథ ఆలయం కాని ఆ పేర్లలో వినిపించవు.

తెలుగు పరిశోధకులకు ఈ లోపం మరొక కారణంగానూ ముఖ్యమైనది. 1719లో ఇక్కడి మిషనుకు వచ్చిన బెంజమిన్ షుల్జ్ తరువాత మద్రాసు చేరి తెలుగు అభ్యసించాడు. తొలి తెలుగు అచ్చుపుస్తకాలుగా చెప్పబడేవి 1746 నుండి జర్మనీలోని హాలే నగరంలో వెలువడిన ఆయన గ్రంథాలే. ఆయన పనిచేయడానికి వచ్చిన ఆ మిషను రఘునాథుని ఒప్పందంతో తెరుచుకున్న రేవులోనే ఉండేది.